మఠంలో పెరిగిన రాకుమారి రాణి ఎలా అయింది? స్కాట్లండు ఈడిత్ కథ

మధ్యయుగాల ఐరోపాలో రాజులు తమ కూతుళ్లను కన్యాస్త్రీల మఠాల్లో పెంచేవారని చదివారట. అలా పెరిగిన అమ్మాయి సన్యాసిని అయినట్లే కదా, మరి వాళ్లలో కొందరు పెళ్లి చేసుకుని రాణులు ఎలా అయ్యారని మీ సందేహం. లోపల వాళ్ల రోజు ఎలా గడిచేదని కూడా అడిగారు. ఆ కాలపు చరిత్రను చాలా ఏళ్లుగా విద్యార్థులకు చెబుతున్నాను. ఈ సందేహం వచ్చినప్పుడల్లా నేను ఒకే అమ్మాయి గురించి చెబుతాను. ఎందుకంటే మీరు అడిగిన ప్రశ్ననే 1100వ సంవత్సరంలో ఇంగ్లండు మతపెద్దలు ఆమెను అడిగారు. ఆమె ఇచ్చిన జవాబు ఇప్పటికీ మనకు దొరుకుతోంది.

ఆమె పేరు ఈడిత్. స్కాట్లండు రాజు మూడవ మాల్కం కూతురు. 1080లో పుట్టింది. తల్లి మార్గరెట్ ఇంగ్లండు పాత రాజవంశపు ఆడపడుచు. 1066లో ఫ్రాన్స్‌లోని నార్మండీ నుంచి వచ్చిన నార్మన్లు ఇంగ్లండును జయించాక తోబుట్టువులతో పారిపోయి స్కాట్లండు చేరి, అక్కడి రాజును పెళ్లాడింది. తర్వాతి కాలంలో చర్చి ఆమెను పునీతురాలిగా ప్రకటించింది. చిన్నారి ఈడిత్‌కు జ్ఞానస్నానం చేయించినప్పుడు జ్ఞానతల్లిగా నిలిచింది నార్మన్ విజేత విలియం భార్య మటిల్డా మహారాణి. జ్ఞానతండ్రి ఆ విలియం పెద్దకొడుకు రాబర్ట్. ఆ వేళ పసిపాప చేయి చాచి మహారాణి ముసుగును పట్టుకుని తన తలమీదికి లాక్కుందని ఒక కథ ఉంది. పిల్ల రాణి అవుతుందనడానికి అది శకునమని చెప్పుకున్నారు. తర్వాత ఆ అమ్మాయి జీవితంలో వివాదమంతా ముసుగు చుట్టూనే తిరిగింది.

సుమారు 6 ఏళ్ల వయసులో ఈడిత్‌ను, ఆమె చెల్లెలు మేరీని దక్షిణ ఇంగ్లండులోని రోమ్సీ మఠానికి పంపారు. అక్కడ వాళ్ల పినతల్లి క్రిస్టీనా ఉండేది. ఆమె అప్పుడప్పుడే కన్యాస్త్రీగా అక్కడ చేరింది. కొన్నేళ్ల తర్వాత ఈడిత్ విల్టన్ మఠానికి మారింది.

ఇంత చిన్న పిల్లలను కన్నవాళ్లు అంత దూరం ఎందుకు పంపారు? అన్ని కుటుంబాలకూ ఒకే కారణం ఉండేది కాదు. కొందరు బిడ్డను దేవుడికి కానుకగా ఇచ్చేవారు. హంగరీ రాజు నాలుగవ బేలా మంగోలుల దండయాత్ర ముంచెత్తిన రోజుల్లో, దేశం బయటపడితే పుట్టబోయే బిడ్డను దేవుడికి ఇస్తామని మొక్కుకున్నాడు. 1242లో పుట్టిన మార్గరెట్‌ను మూడు నాలుగేళ్ల వయసులోనే డొమినికన్ మఠంలో చేర్చాడు. కొందరికి మఠం చెరసాల. వేల్స్ యువరాజు లెవెలిన్ 1282 డిసెంబరులో యుద్ధంలో చనిపోయాక, ఇంగ్లండు రాజు మొదటి ఎడ్వర్డ్ అతని పసికూతురు గ్వెన్‌లియన్‌ను లింకన్‌షైర్‌లోని సెంప్రింగమ్ మఠంలో పెట్టించాడు. వారసుణ్ణి కనకుండా ఆమె వంశాన్ని అంతం చేయడమే ఉద్దేశం. 1337లో చనిపోయేదాకా, అంటే సుమారు 54 ఏళ్లు, ఆమె కన్యాస్త్రీగానే బతికింది. ఆ చిన్నపిల్ల చేసిన నేరం ఫలానా తండ్రికి పుట్టడం ఒక్కటే. ఈ కథ చెప్పినప్పుడల్లా నాకు మనసు కలుక్కుమంటుంది.

ఈడిత్ విషయంలో ఈ రెండూ కావు. చదువు, భద్రత, తల్లి తరఫు బంధువుల నీడ: వీటి కోసమే పంపారు. ఆ రోజుల్లో ఆడపిల్లకు చక్కగా చదువు చెప్పే చోటు మఠం తప్ప మరొకటి దాదాపు లేదు. విల్టన్‌కు ఈ విషయంలో పాత పేరుంది. అంతకు ముందు తరంలో ఎడ్వర్డ్ ది కన్ఫెసర్ రాజును పెళ్లాడిన మరో ఈడిత్ రాణి అక్కడే చదువుకుంది. ఆ కృతజ్ఞతతో మఠానికి రాతి చర్చి కట్టించి ఇచ్చింది. 1065లో దాన్ని ప్రతిష్ఠించారు. పదవ శతాబ్దంలో అదే మఠంలో పెరిగిన ఎడ్గార్ రాజు కూతురు, ఆమె పేరూ ఈడితే, పునీతురాలై అక్కడే సమాధి అయింది. యాత్రికులు వచ్చే చోటు అది. అంటే మన ఈడిత్ తన పేరే ఉన్న ఒక రాకుమారి సమాధి దగ్గర ప్రార్థన చేస్తూ పెరిగింది.

ఇక లోపలి దినచర్య. రోమ్సీ, విల్టన్ రెండూ పునీత బెనడిక్ట్ మఠాల కోసం రాసిన నియమావళిని పాటించిన మఠాలు. తెల్లవారడానికి చాలా ముందే, చీకట్లో మొదటి ప్రార్థన. తర్వాత పొద్దు పొడిచినప్పటి నుంచి పొద్దు గుంకేదాకా గంట కొట్టినప్పుడల్లా చర్చిలో ఆరాధన. బైబిల్లోని 150 కీర్తనలను వారానికొకసారి పూర్తిగా పాడాలని నియమం. పిల్లలు అక్షరాలు దిద్దుకునేది కూడా ఆ కీర్తనల గ్రంథంతోనే. ముందు లాటిన్‌లో కంఠస్థం, తర్వాత అర్థం. భోజనాల దగ్గర ఎవరూ మాట్లాడకూడదు. ఒకరు గట్టిగా చదువుతుంటే మిగిలినవాళ్లు వింటూ తినాలి. చలికాలంలో పెద్దవాళ్లకు రోజుకు ఒక్కపూట భోజనమే. పిల్లలకు, రోగులకు నియమాలు సడలించమని నియమావళే చెబుతుంది. చదువుతో పాటు కుట్టుపని, ముఖ్యంగా బంగారు జరీతో చేసే అల్లికలు నేర్పేవారు. ఇంగ్లండు ఆడవాళ్ల జరీపనికి అప్పట్లో ఐరోపా అంతటా గిరాకీ ఉండేది.

అయితే విల్టన్‌ను నాలుగు గోడల మధ్య మూసిపెట్టిన చోటుగా ఊహించుకోకండి. పెద్ద ఇళ్ల ఆడపిల్లలు, విధవరాళ్లు, 1066 తర్వాత ఆస్తులు పోగొట్టుకున్న పాత ఇంగ్లీషు దొరల కూతుళ్లు అక్కడ తలదాచుకున్నారు. వాళ్లలో అందరూ ప్రతిజ్ఞ చేసిన కన్యాస్త్రీలు కారు. అసలు చిక్కంతా ఇక్కడే మొదలవుతుంది. కన్యాస్త్రీ కావాలంటే వయసు వచ్చాక తనంతట తానుగా ప్రతిజ్ఞ చేయాలి. బిషప్ ఆశీర్వదించి ముసుగు వేయాలి. కానీ లోపల పెరిగే పిల్లలు కూడా అందరిలా నల్లని ముసుగే వేసుకుంటే, దూరం నుంచి చూసేవాడికి ఎవరు ఎవరో ఎలా తెలుస్తుంది?

ఈడిత్‌కు 12, 13 ఏళ్లు వచ్చేసరికి ఆమె పెళ్లి రాజకీయ విషయం అయిపోయింది. ఒక కథనం ప్రకారం, విజేత విలియం కొడుకు, అప్పటి ఇంగ్లండు రాజు విలియం రూఫస్ ఒకరోజు తన పరివారంతో మఠం గుమ్మం ముందు దిగాడు. ఆ రాజు స్వభావం తెలిసిన మఠాధ్యక్షురాలు హడలిపోయి, మిగిలిన పిల్లలతో పాటు ఈడిత్‌కు కూడా ముసుగు వేసి నిలబెట్టింది. రాజు తోటలో గులాబీలు, పూలమొక్కలు చూసే మిషతో లోపలికి వచ్చి, ముసుగులో ఉన్న అమ్మాయిని చూసి మారుమాట లేకుండా వెళ్లిపోయాడు. తర్వాత తండ్రి మాల్కం వచ్చాడు. కూతురి తలమీద ముసుగు చూసి మండిపడ్డాడు. దాన్ని లాగి చింపి, వేసినవాళ్లను శపించి, పిల్లను వెంటబెట్టుకుని వెళ్లిపోయాడు.

అది 1093. ఆ ఆగస్టులో మాల్కం గ్లాస్టర్‌కు వస్తే రూఫస్ అతనికి దర్శనమే ఇవ్వలేదు. అవమానంతో తిరిగి వెళ్లిన మాల్కం నవంబరు 13న ఆల్న్‌విక్ దగ్గర, మార్గరెట్‌కు పుట్టిన పెద్దకొడుకుతో సహా చనిపోయాడు. ఆ కబురు విని, అతను పోయిన మూడు రోజులకే తల్లి మార్గరెట్ కన్నుమూసింది. బాబాయి సింహాసనం ఆక్రమించాడు. పెళ్లి చేసే తండ్రి లేడు, తిరిగి వెళ్లడానికి పుట్టిల్లు లేదు. పైగా 1094లో ఇంగ్లండు చర్చికి పెద్ద అయిన కాంటర్‌బరీ ఆర్చిబిషప్ ఆన్సెల్మ్, స్కాట్లండు రాజు కూతురు సాతాను ప్రేరణతో ముసుగు తీసేసిందనీ, ఆమెను మఠానికి తిరిగి రప్పించమనీ సాలిస్‌బరీ బిషప్‌కు ఉత్తరం రాశాడు. అంటే ఆయన దృష్టిలో ఆమె పారిపోయిన సన్యాసిని.

ఆన్సెల్మ్ ఎంత పట్టుదల మనిషో తెలియాలంటే గన్‌హిల్డ్ సంగతి చూడాలి. ఈమె 1066లో చనిపోయిన ఇంగ్లండు రాజు హెరాల్డ్ కూతురు. ఈమె కూడా విల్టన్‌లోనే ఉండేది. సరిగ్గా ఆ రోజుల్లోనే మఠం విడిచి రిచ్‌మండ్ ప్రభువు కౌంట్ అలన్ వెంట వెళ్లిపోయింది. అతను చనిపోతే అతని తమ్ముడితో ఉండిపోయింది. తాను బిషప్ ముందు ప్రతిజ్ఞ చేయలేదని ఆమె వాదించినా ఆన్సెల్మ్ ఒప్పుకోలేదు. అందరి కళ్లముందూ ఆ దుస్తుల్లో తిరిగావు, అదే సాక్ష్యం అన్నాడు. ఆయన ఆమెకు రాసిన రెండు ఉత్తరాలు చదివితే ఒళ్లు గగుర్పొడుస్తుంది. ప్రియుడి శవం పక్కన పడుకోగలవా అని అడుగుతాడు.

ఇలాంటి ఆన్సెల్మ్ ముందుకే ఆరేళ్ల తర్వాత ఈడిత్ వచ్చింది. 1100 ఆగస్టు 2న రూఫస్ వేటలో బాణం తగిలి చనిపోయాడు. మూడు రోజుల్లో అతని తమ్ముడు హెన్రీ కిరీటం పెట్టుకున్నాడు. అన్న రాబర్ట్ బతికుండగా ఈ పని చేశాడు కాబట్టి అతనికి బలం కావాలి. ఈడిత్ ఒంట్లో ఉన్నది పాత ఇంగ్లీషు రాజుల రక్తం. ఆమెను పెళ్లాడితే ఇంగ్లీషు ప్రజల అభిమానం దక్కుతుంది. ఆమె మీద అతనికి ముందు నుంచీ మనసుందని కొందరు చరిత్రకారులు రాశారు. అదీ నిజమే కావచ్చు. కానీ ఆమె సన్యాసిని అనే మాట దేశమంతా వ్యాపించి ఉంది. ప్రవాసం నుంచి తిరిగి వచ్చిన ఆన్సెల్మ్, దేవుడి వధువును మనుషులకు కట్టబెట్టనని మొదటే చెప్పేశాడు.

అప్పుడు ఈడిత్ స్వయంగా ఆన్సెల్మ్ దగ్గరికి వెళ్లింది. ఆమె చెప్పిన మాటలను ఆన్సెల్మ్ సహచరుడు ఈడ్మర్ రాసిపెట్టాడు. వాటి సారం ఇది: చిన్నప్పుడు నేను పినతల్లి క్రిస్టీనా బెత్తానికి భయపడుతూ బతికాను. నార్మన్ల కళ్లు నామీద పడకుండా ఆమె నా తలమీద నల్లని ముసుగు వేసేది. తీసి పారేస్తే చెంపలు వాయించేది, నోటికొచ్చినట్లు తిట్టేది. ఆమె ఎదుట వణుకుతూ వేసుకునేదాన్ని. ఆమె కనుమరుగు కాగానే లాగి నేలకేసి కొట్టి, కాళ్లతో తొక్కేదాన్ని. నేను ముసుగు వేసుకున్నది ఇలాగే, ఇంతే. నన్ను దేవుడికి ఇచ్చేశారని ఎవరైనా అంటే, నా తండ్రి ఆ ముసుగును చింపేసి, నా కూతుర్ని కౌంట్ అలన్‌కు ఇచ్చి పెళ్లి చేయాలనుకున్నానే కానీ కన్యాస్త్రీల్లో కలపాలనుకోలేదని అన్న మాట విన్నవాళ్లు ఇంకా బతికే ఉన్నారు.

ఆ కాలపు ఆడపిల్ల గొంతు ఇంత స్పష్టంగా వినిపించే చోట్లు చాలా తక్కువ. ఈడ్మర్ తన గురువును సమర్థించడానికే ఇదంతా రాశాడన్న అభ్యంతరం ఉంది, అది సబబైనదే. అయినా ముసుగును కాళ్లతో తొక్కిన చిన్నపిల్ల కోపం ఒక సన్యాసి ఊహించి రాసేది కాదని నాకనిపిస్తుంది. ఇక క్రిస్టీనాను రాక్షసిగా చూడటం నాకు ఇష్టం ఉండదు. రాజ్యం, ఇల్లు పోగొట్టుకుని దేశాలు తిరిగిన మనిషి ఆమె. గెలిచిన సైన్యం ఆడపిల్లలను ఏం చేస్తుందో ఆమెకు తెలుసు. కన్నకూతుళ్ల వంటి ఆ పిల్లలను కాపాడటానికి ఆమె చేతిలో ఉన్న ఆయుధం ఆ నల్లగుడ్డ ఒక్కటే.

ఆన్సెల్మ్ తానొక్కడే తీర్పు చెప్పలేదు. లండన్ దగ్గరి లాంబెత్‌లో బిషప్పులను, మఠాధిపతులను, ప్రభువులను సమావేశపరిచాడు. బిషప్పుల కింద పనిచేసే ఇద్దరు చర్చి అధికారులను (ఆర్చిడీకన్లను) విల్టన్‌కు పంపి అక్కడి కన్యాస్త్రీలను విచారించాడు. ఆమె మాటకు విరుద్ధంగా ఏమీ దొరకలేదని వాళ్లు వచ్చి చెప్పారు. అప్పుడు ఆన్సెల్మ్ బయటికి వెళ్లిపోయి, తీర్పును సభకే వదిలాడు. సభకు ఒక పాత ఆధారం కూడా దొరికింది. ఆన్సెల్మ్‌కు ముందున్న ఆర్చిబిషప్ లాన్‌ఫ్రాంక్, నార్మన్లకు భయపడి మఠాల్లో దాక్కున్న ఆడవాళ్లు సన్యాసినులు కారు, వాళ్లను ఇష్టప్రకారం వెళ్లనివ్వాలి అని తీర్పు చెప్పి ఉన్నాడు. ఈడిత్ స్వేచ్ఛ గలదని సభ ప్రకటించింది. కావాలంటే ప్రమాణం చేసి రుజువు చేస్తానని ఆమె ముందుకొస్తే అవసరం లేదన్నారు.

1100 నవంబరు 11న, వెస్ట్‌మినిస్టర్‌లో పెళ్లి. చర్చి గుమ్మం ముందు ఆన్సెల్మ్ ఎత్తైన చోట నిలబడి విచారణ వివరాలన్నీ జనానికి చెప్పి, అభ్యంతరం ఉన్నవాళ్లు ఇప్పుడే చెప్పమన్నాడు. ఎవరూ మాట్లాడలేదు. ఈడిత్ మటిల్డా పేరుతో రాణి అయింది. నార్మన్ దొరలు మాత్రం రాజును, రాణిని గోడ్రిక్, గోడ్గివా అని పల్లెటూరి ఇంగ్లీషు పేర్లతో పిలిచి వెక్కిరించారు.

మరి ఆమె అంతగా ద్వేషించిన మఠం ఆమెకు ఏమిచ్చింది? నా ఉద్దేశంలో రాణిగా ఆమె చేసినదంతా అక్కడి నుంచి వచ్చిందే. మీ ప్రశ్నలో ఈ కోణం లేదు కానీ నాకు ముఖ్యంగా కనిపించేది ఇదే. ఆన్సెల్మ్‌కు ఆమె లాటిన్‌లో రాసిన ఉత్తరాలు మిగిలాయి. ఇంత ఉపవాసాలు చేస్తే గొంతు పోతుంది, ప్రజలకు ఎవరు బోధిస్తారు అని మందలిస్తూ, బైబిల్‌తో పాటు ప్రాచీన రోమన్ రచయిత సిసిరోను కూడా ఉదహరిస్తుంది. ఒకప్పుడు తనను పారిపోయిన సన్యాసిని అన్న మనిషికి రాసిన మాటలివి. రాజుతో తగవు వచ్చి ఆయన మళ్లీ ప్రవాసం వెళ్తే, రాజీ కోసం ఆయనకూ, పోప్‌కూ ఉత్తరాలు రాసింది. తల్లి జీవితచరిత్ర రాయించింది. హెన్రీ నార్మండీలో ఉన్న కాలమంతా ఇంగ్లండులో ఆమె ఉత్తర్వులు నడిచాయి. ఇంగ్లండు రాణుల ముద్రల్లో ఇప్పటికి మిగిలిన వాటిలో అతి పాతది ఆమెదే. లండన్‌లో ఆల్డ్‌గేట్ దగ్గర మఠం, నగరం బయట కుష్ఠురోగులకు ఆశ్రమం, లీ నదిమీద వంతెన కట్టించింది.

ఆమె తమ్ముడు డేవిడ్, తర్వాత స్కాట్లండు రాజైనవాడు, ఒక రాత్రి ఆమె గదిలోకి వెళ్తే కుష్ఠురోగుల పాదాలు కడిగి ముద్దు పెట్టుకుంటూ కనిపించిందట. రాజుకు తెలిస్తే నీ పెదవులను తాకుతాడా అని తమ్ముడు అడిగితే, నశించే రాజు పెదవుల కన్నా శాశ్వతమైన రాజు పాదాలు మేలు కదా అందట. ముసుగును తొక్కిన పిల్లే ఈమె. ఇందులో నాకు వైరుధ్యం కనిపించదు. బలవంతంగా తలమీద పెట్టినదాన్ని విసిరికొట్టింది, తనంతట తాను ఎంచుకున్నదాన్ని చేసింది.

అలాగని ఆమెకు అన్నీ చేతనయ్యాయనుకోకండి. 1105 ప్రాంతంలో హెన్రీ మతగురువుల మీద పన్నులు వేసి పీడిస్తే, దాదాపు 200 మంది పూజారులు చెప్పులు లేని కాళ్లతో లండన్‌లో రాజును వేడుకున్నారు. రాజు తరిమేస్తే రాణి దగ్గరికి వచ్చారు. ఆమె ఏడ్చింది కానీ భర్తకు భయపడి ఏమీ అనలేకపోయింది.

1118 మే 1న ఆమె చనిపోయింది. రెండేళ్లకు ఒక్కగానొక్క కొడుకు విలియం సముద్రంలో మునిగిపోయాడు. మిగిలిన కూతురు మటిల్డా సింహాసనం కోసం మేనత్త కొడుకు స్టీఫెన్‌తో యుద్ధం చేయాల్సి వచ్చింది. అప్పుడు ఆ పాత ముసుగు మళ్లీ బయటికి వచ్చింది. 1139లో రోమ్‌లో పోప్ ఎదుట స్టీఫెన్ తరఫు వకీలు, ఈమె సన్యాసినికి పుట్టింది, కాబట్టి వారసురాలు కాదు అని వాదించాడు. లాంబెత్ తీర్పు వచ్చి దాదాపు 40 ఏళ్లు గడిచినా ఆ మాట చావలేదు.

ఇందులో ఇంకో విషయం ఉంది. ఆ స్టీఫెన్ భార్య ఎవరో కాదు, ఈడిత్‌తో పాటు రోమ్సీలో పెరిగిన చెల్లెలు మేరీ కూతురు. మేరీ కూడా మఠం నుంచి బయటికి వచ్చి ఫ్రాన్స్ ఉత్తర తీరంలోని బులోన్ పాలకుడైన కౌంట్‌ను పెళ్లి చేసుకుంది. ఆమె విషయంలో ఇంత గొడవ జరగలేదు. ఆమె మనవరాలు, అంటే స్టీఫెన్ కూతురు, పేరు మేరీయే. ఆమె నిజంగా ప్రతిజ్ఞ చేసి కన్యాస్త్రీ అయింది. అదే రోమ్సీ మఠానికి అధ్యక్షురాలైంది. 1159లో ఆమె అన్నదమ్ముల్లో చివరివాడు పిల్లలు లేకుండా చనిపోయాడు. బులోన్ ఆస్తి మొత్తం ఆమె పేరు మీదికి వచ్చింది. మరుసటి ఏడాదే ఆమెను మఠం నుంచి తీసుకువెళ్లి ఫ్లాండర్స్ కౌంట్ కొడుకు మాథ్యూకు ఇచ్చి పెళ్లి చేశారు. అప్పటి రాజు రెండవ హెన్రీ, ఈడిత్ సొంత మనవడే, ఇందులో భాగస్వామి. చర్చి ఎంత గగ్గోలు పెట్టినా లాభం లేకపోయింది. ఈడిత్‌ను ముసుగు వేసుకున్నావా అని అంతలా నిలదీశారు. ప్రతిజ్ఞ చేసిన ఈమెను వద్దంటున్నా పెళ్లిపీటల మీద కూర్చోబెట్టారు. రెండు సందర్భాల్లోనూ రాజుకు పెళ్లి కావాలి, పెళ్లి జరిగింది. అందుకే లాంబెత్ తీర్పును న్యాయం గెలిచిన రోజుగా మాత్రమే చెప్పడానికి నాకు మనసొప్పదు. ఈడిత్ నిజమే చెప్పిందని నమ్ముతాను. కానీ ఆ నిజం హెన్రీకి అక్కరకు వచ్చింది కాబట్టే సభ దాకా వెళ్లింది. గన్‌హిల్డ్ చెప్పిందీ దాదాపు అదే మాట. ఆమె కోసం ఎవరూ సభ పెట్టలేదు.

ఆన్సెల్మ్ కాలం తర్వాత కూడా రాకుమారి ఇష్టమే చెల్లిన సందర్భాలు లేకపోలేదు. ఇందాక చెప్పిన హంగరీ మార్గరెట్‌ను బొహీమియా రాజు ఒట్టోకర్ పెళ్లాడతానంటే, తల్లిదండ్రులు పోప్ అనుమతి తెప్పిస్తామన్నా ఆమె ససేమిరా అంది. 1261లో బిషప్పుల చేత లాంఛనంగా ముసుగు వేయించుకుని ఆ దారి శాశ్వతంగా మూసేసింది. వంటింట్లో గిన్నెలు తోముతూ, రోగులకు సేవ చేస్తూ డాన్యూబ్ నదిలోని దీవి మఠంలో 1270లో కన్నుమూసింది. బుడాపెస్ట్‌లో ఆ దీవిని ఇప్పటికీ ఆమె పేరుతోనే పిలుస్తారు.

బులోన్ మేరీకి ఇద్దరు కూతుళ్లు పుట్టారు. 1170 ప్రాంతంలో భర్త నుంచి విడిపోయి ఫ్రాన్స్‌లోని ఒక మఠంలో మళ్లీ కన్యాస్త్రీగా చేరింది. 1182లో అక్కడే చనిపోయింది. ఆమె పెళ్లి చెల్లదన్నవాళ్లు కూడా చివరికి పిల్లలిద్దరినీ ధర్మసంతానంగానే ఒప్పుకున్నారు. పెద్దమ్మాయి ఈడా తండ్రి తర్వాత బులోన్‌కు పాలకురాలైంది.